మసి అంటిన కంచు: ప్రాచీన చైనా వంటపాత్రలు, నైవేద్యపాత్రలు

చైనాలోని హనాన్ రాష్ట్రంలో, అన్యాంగ్ నగర శివారున షావొతున్ అనే ఊరి దగ్గర 1976లో జెంగ్ జెన్‌శ్యాంగ్ అనే పురావస్తు శాస్త్రవేత్త నాయకత్వంలో ఒక సమాధిని తవ్వారు. షాంగ్ వంశపు రాజు వూ డింగ్ రాణుల్లో ఒకరైన ఫూ హావొ సమాధి అది. ఆమె కాలం సుమారు క్రీ.పూ. 1200. సైన్యాలను నడిపిన రాణిగా ఆమె పేరు, జోస్యం అడగడానికి వాడిన ఎముకల మీది రాతల్లో కనిపిస్తుంది. దొంగల చేయి పడని సమాధి కావడంతో అందులో 468 కంచు వస్తువులు, 755 జేడు రాతి వస్తువులు చెక్కుచెదరకుండా దొరికాయి. ఆ రాశిలో ఆరు కాళ్ల మీద నిలిచిన పొడవాటి కంచు తొట్టి ఒకటి ఉంది. తొట్టి పైభాగం మూసి ఉంటుంది, దాని మీద వరసగా మూడు గుండ్రటి మూతులు ఉంటాయి, ఒక్కొక్క మూతిలో అడుగున చిల్లులున్న గిన్నె ఒకటి కూర్చుంటుంది. తొట్టిలో నీళ్లు పోసి కింద మంట పెడితే ఒకే ఆవిరి మీద మూడు గిన్నెల్లో మూడు రకాలు ఉడుకుతాయి. మొత్తం కలిపి 138 కిలోల బరువున్న ఈ వస్తువు అడుగున పొయ్యి మసి జాడలు కనిపించాయి.

ఆ మసిని గుర్తు పెట్టుకుంటే ఈ పాత్రల చుట్టూ అల్లుకున్న చిక్కుముడి చాలావరకు దానంతటదే విడిపోతుంది. ప్రపంచంలోని పెద్ద మ్యూజియాల్లో చైనా కంచు పాత్రలను 'క్రతు పాత్రలు' అనే పేరుతో గాజు పెట్టెల్లో, మెత్తటి వెలుతురులో ఉంచుతారు. చూసేవాళ్లకు అవి ఏదో గంభీరమైన పూజాసామగ్రిగా, వంటింటితో సంబంధం లేని వస్తువులుగా తోస్తాయి. మరికొందరు వాటిని కేవలం రాచవంటింటి సామానుగా వర్ణిస్తారు. రెండు మాటలూ సగమే నిజం. ఆ కాలపు చైనాలో పితృదేవతల పూజ అంటే ప్రధానంగా వాళ్లకు వండి వడ్డించడమే. కనుక ఒక పాత్ర వంటదా, క్రతువుదా అని అడిగితే, దాన్ని పోత పోసిన కంసాలికి ఆ ప్రశ్నే వింతగా ఉండేది.

పేర్లను పక్కన పెట్టి ముందు పొయ్యి దగ్గరికి వెళ్దాం. కంచుకు కొన్ని వేల ఏళ్ల ముందే ఈ ఆకారాలన్నీ మట్టిలో తయారయ్యాయి. ఉత్తర చైనా పసుపు నది లోయలో ప్రధానమైన తిండి కొర్రలు, వరిగలు. దక్షిణాన యాంగ్‌ట్సీ లోయలో వరి. గింజను పిండి చేసి రొట్టె కాల్చే అలవాటు అప్పటికి బలపడలేదు. గింజను గింజగానే ఉడకబెట్టేవారు, లేదా ఆవిరి మీద వండేవారు. ఉడకబెట్టడానికి పుట్టిన పాత్ర డింగ్: గుండ్రటి కడుపు, దాని కింద మూడు కాళ్లు. మనం మూడు రాళ్లు పేర్చి వాటి మీద కుండ పెడతాం. డింగ్ ఆ మూడు రాళ్లనూ తన ఒంటికే అంటించుకుంది. ఎక్కడ దింపితే అక్కడే పొయ్యి అవుతుంది, కాళ్ల మధ్య పుల్లలు తోస్తే చాలు. హనాన్‌లోని పెయ్‌లిగాంగ్ సంస్కృతి కుమ్మరులు ఏడు, ఎనిమిది వేల ఏళ్ల కిందటే ఇలాంటి ముక్కాలి కుండలు చేశారు.

దీని తర్వాత వచ్చిన లి అనే పాత్ర ఇంకా తెలివైనది. అందులో కాళ్లు గట్టిగా ఉండవు, బోలుగా ఉండి ఆవు పొదుగులా ఉబ్బి ఉంటాయి. కుండలో పోసిన నీళ్లు కాళ్లలోకి కూడా దిగుతాయి, మంట కడుపుకూ కాళ్లకూ ఒకేసారి తగులుతుంది, నీళ్లు త్వరగా మరుగుతాయి, పుల్లలు కలిసొస్తాయి. అడుగున చిల్లులున్న గిన్నె పేరు జెంగ్. దక్షిణాన జెజియాంగ్ రాష్ట్రంలోని హెముదు అనే చోట దాదాపు ఏడు వేల ఏళ్ల నాటి మట్టి జెంగ్ దొరికింది. కింద లి పెట్టి, దాని మూతి మీద జెంగ్ కూర్చోబెడితే ఆ జంటను యెన్ అంటారు. కుండ మూతికి తడిగుడ్డ వాసెన కట్టి కుడుములు ఉడికించిన ఇళ్లలో పెరిగిన వారికి యెన్ పని తీరును వివరించనక్కరలేదు. గుడ్డ స్థానంలో అక్కడ చిల్లుల పళ్లెం ఉంది, అంతే తేడా. ఫూ హావొ సమాధిలోని మూడు మూతుల తొట్టి ఈ యెన్‌నే పెద్ద విందుకు తగ్గట్టు పెంచిన రూపం.

ఇక కంచు సంగతి. చైనాలో ఇప్పటివరకు దొరికిన వాటిలో అతి పాత కంచు పాత్రలు హనాన్‌లోనే ఎర్లితొవ్ అనే స్థలంలో బయటపడ్డాయి. వాటి కాలం క్రీ.పూ. 17వ శతాబ్దానికి కాస్త అటూ ఇటూ. వాటిలో ముఖ్యమైనది జుయే: సన్నటి మూడు కాళ్లు, ఒక పక్క పొడుగాటి ధార, ఇంకో పక్క తోకలాంటి మొన, ధార మొదట్లో రెండు చిన్న గుబ్బలు ఉన్న పానపాత్ర. లోహం అరుదుగా దొరికే రోజుల్లో, రేకు మందం కూడా లేని ఇంత క్లిష్టమైన వస్తువును పోత పోయడం ఒక సాహసం. ఆ సాహసానికి వాళ్లు ఎంచుకున్న దారి ప్రత్యేకమైనది. మన దక్షిణాది పంచలోహ విగ్రహాలను మైనంతో చేసి, చుట్టూ మట్టి మెత్తి, మైనాన్ని కరిగించి పోసే 'మధూచ్ఛిష్ట' పద్ధతిలో తయారుచేస్తారు. షాంగ్ కంసాలులు మైనం జోలికి పోలేదు. ముందు మట్టితో పాత్ర నమూనా చేసి, దాని చుట్టూ మళ్లీ మట్టి ఒత్తి, ఆ పై మట్టిని దోసకాయ చెక్కల్లా ముక్కలుగా కోసి విడదీసేవారు. నగిషీని నమూనా మీద గానీ, ఆ ముక్కల లోపలి వైపున గానీ చెక్కేవారు. నమూనాను పాత్ర మందమంత గీకి చిన్నది చేస్తే అది లోపలి అచ్చు అవుతుంది. దాని చుట్టూ కాల్చిన ముక్కలను తిరిగి పేర్చి, లోపలి అచ్చుకూ బయటి అచ్చుకూ మధ్య ఎడం తగ్గకుండా చిన్న కంచు బిళ్లలు ఆనించి, ఆ ఎడంలో కరిగిన లోహాన్ని పోసేవారు.

ఈ పద్ధతి వల్ల పాత్రల రూపమే మారిపోయింది. అచ్చు ముక్కల అతుకుల దగ్గర లోహం కొంచెం బయటికి పొంగుతుంది, దాన్ని ఎంత రుద్దినా గీత మిగులుతుంది. ఆ గీతను దాచడానికి బదులు దాన్నే అందంగా మలిచారు. షాంగ్ పాత్రల మూలల్లో నిలువుగా కనిపించే పళ్ల అంచులు చాలావరకు ఆ అతుకుల మీదే వస్తాయి. నగిషీలో ఎడమ సగం, కుడి సగం అద్దంలో చూసినట్టు ఒకేలా ఉండటానికి కూడా ఇదే కారణమని చెప్పవచ్చు. మట్టి చేతిపని బాగా వచ్చిన కుమ్మరుల సమాజం కంచును అందుకున్నప్పుడు ఇలాగే జరుగుతుంది: లోహం కొత్తదే అయినా ఆలోచన మట్టిలోనే సాగుతుంది.

ఈ కళ ఎంత పెద్ద ఎత్తుకు చేరిందో చెప్పడానికి ఒక్క పాత్ర చాలు. 1939లో అన్యాంగ్ దగ్గర వూగ్వాన్ గ్రామస్థులకు పొలంలో నాలుగు కాళ్ల, నలుచదరపు డింగ్ ఒకటి తగిలింది. ఎత్తు 133 సెంటీమీటర్లు, బరువు 832.84 కిలోలు. అమ్మడానికి వీలుగా కోయబోయి కోయలేకపోయారు, జపాన్ సైన్యం కంట పడకుండా తిరిగి పూడ్చిపెట్టారు, 1946లో మళ్లీ తీశారు. ఈ గందరగోళంలో దాని రెండు పిడుల్లో ఒకటి పోయింది. ఇప్పుడు బీజింగ్‌లోని జాతీయ మ్యూజియంలో కనిపించే రెండో పిడి తర్వాత చేసి అతికించినది. లోహాన్ని పరీక్షిస్తే దాదాపు 85 పాళ్లు రాగి, 12 పాళ్లు తగరం, మిగిలింది ఎక్కువగా సీసం అని తేలింది. దాదాపు టన్ను కరిగిన లోహాన్ని చల్లారకముందే అచ్చులోకి పోయాలంటే ఎన్ని కొలుములు ఒకేసారి మండాలో, ఎంతమంది ఒక్కమాట మీద కదలాలో ఊహించుకోవచ్చు. ఆ రాజ్యానికి అంతమందిని ఒకచోట చేర్చే శక్తి ఉందని ఈ డింగ్‌ను చూసే ప్రతి కన్నుకూ తెలిసేది.

దాని లోపలి గోడ మీద మూడు అక్షరాలున్నాయి. చాలాకాలం వాటిని 'సి ము వూ' అని చదివారు. అంటే 'తల్లి వూకు అర్పణ' అని అర్థం చెప్పుకున్నారు. అయితే షాంగ్ కాలపు లిపిలో ఒకే గుర్తును కుడివైపు తిప్పినా ఎడమవైపు తిప్పినా తేడా ఉండేది కాదు. మొదటి అక్షరాన్ని తిప్పి చదివితే 'హొవ్', అంటే రాణి. 2011లో జాతీయ మ్యూజియం ఈ రెండో పాఠాన్నే ఎంచుకుని ఫలకం మీద పేరు మార్చింది. పాఠ్యపుస్తకాల్లో పాత పేరు చదువుకున్న తరాలకు ఇది మింగుడు పడలేదు. 'వూ' అనేది ఆమెకు బతికున్నప్పటి పేరు కాదు, చనిపోయాక ఇచ్చినది. పది రోజుల షాంగ్ వారంలో ఆమెకు నైవేద్యం పెట్టే రోజు పేరే అది. వూ డింగ్ రాజు పేరులోని 'డింగ్' కూడా అలాంటి ఒక రోజు పేరే తప్ప, పాత్ర డింగ్‌తో దానికి సంబంధం లేదు. అక్షరాలు వేరు, తెలుగులో రాసేసరికి ఒకటైపోతాయి.

పేర్ల చిక్కు ఇక్కడితో ఆగదు. ఈ పాత్రలు భూమిలోంచి తరచూ బయటపడుతుంటే వాటిని మొదటిసారి శాస్త్రీయంగా వర్గీకరించినవారు సోంగ్ వంశపు పండితులు. 1092లో లూ దాలిన్ 'కావొగు తు' అనే చిత్రసహిత సూచికను కూర్చాడు. అప్పటికి షాంగ్ వంశం అంతరించి రెండు వేల ఏళ్లు దాటింది. పాత్ర మీద 'నేను ఫలానాను' అని రాసి ఉంటే పేరు తేలిక. డింగ్, లి, యెన్, హూ అనే కూజా, పాన్ అనే పళ్లెం వంటివి అలా తమ పేరు తామే చెప్పుకున్నవి. పేరు చెప్పని పాత్రకు సోంగ్ పండితులు పాత గ్రంథాల్లోంచి ఒక పేరు వెతికి తగిలించారు. ధాన్యపు వంటకం పెట్టే పిడుల గిన్నె గుయ్ మీద ఉన్న అక్షరాన్ని వాళ్లు తప్పుగా 'దుయ్' అని చదివారు, ఆ తప్పును ఎన్నో వందల ఏళ్ల తర్వాత చింగ్ వంశకాలపు పండితులు వచ్చాకే సరిదిద్దారు. బూర ఆకారంలో సన్నగా నిలువుగా ఉండే పానపాత్రకు 'గు' అని పేరు పెట్టారు. ఇటీవలి ఏళ్లలో వెలుగు చూసిన అదే ఆకారపు పాత్ర ఒకటి తనను తాను 'తోంగ్' అని పిలుచుకుంది! కన్‌ఫ్యూషియస్ ఒకసారి, "గు గులా లేదు, అదేం గు, అదేం గు!" అని వాపోయాడు. మాటకూ వస్తువుకూ పొత్తు కుదరని కాలం మీద ఆయన విసిరిన విసురు అది. ఆ పాత్రకే ఈ గతి పట్టడం కాకతాళీయమే గానీ భలే కుదిరింది.

పాత్రల మీద రెండు గుండ్రటి కళ్లతో, కొమ్ములతో ఎదుటివాణ్ని చూసే ముఖానికి 'తావొతియె' అన్న పేరు కూడా ఇలాంటిదే. క్రీ.పూ. 3వ శతాబ్దపు 'లూషి చున్‌చ్యూ' అనే గ్రంథంలో, షాంగ్ తర్వాత వచ్చిన జౌ వంశపు డింగ్‌ల మీద తావొతియె ఉందనీ, దానికి తల ఉందిగాని ఒళ్లు లేదనీ, మనిషిని మింగబోయి మింగకముందే దానికే హాని జరిగిందనీ ఒక వాక్యం ఉంది. సోంగ్ పండితులు ఆ పేరును షాంగ్ కాలపు ముఖానికి తగిలించారు. ఆ ముఖాన్ని చెక్కినవారు దాన్ని ఏమని పిలిచారో చెప్పే రాత ఒక్కటీ లేదు. తిండిపోతుతనానికి హెచ్చరిక అని మ్యూజియం గైడ్లు చెప్పే కథ వెయ్యేళ్ల తర్వాతి ఊహ మీద నిలబడినది కనుక దాన్ని నేను పెద్దగా నమ్మను.

పండితుల పేర్లకన్నా ఆ కాలపు లిపి ఎక్కువ నమ్మదగిన సాక్షి. చైనీయుల అక్షరాల పాత రూపాలు చూస్తే అన్నం గిన్నె ముందు జీవితమంతా గడిచినట్టుంటుంది. నిండిన గుయ్, దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని దానివైపు చూస్తున్న మనిషి: ఆ అక్షరం 'జీ', అంటే దగ్గరకు రావడం, ఇప్పుడే జరగబోవడం. అదే గుయ్, అదే మనిషి, కానీ తల వెనక్కి తిప్పుకున్నాడు, నోరు అటువైపు ఉంది: అది కూడా మన చెవికి 'జీ' లాగే వినిపిస్తుంది, స్వరం మాత్రం వేరు, అర్థం 'అయిపోయింది'. తినబోవడం భవిష్యత్తు, తిని లేవడం భూతం. గుయ్‌కు అటొకరు ఇటొకరు కూర్చుంటే విందు. రెండు చేతులతో మద్యం కూజాను ఎత్తి పట్టుకున్న బొమ్మ 'జున్'. ఆ మాటకు ఒక రకం మద్యపాత్ర అనీ అర్థమే, గౌరవించడం అనీ అర్థమే. పచ్చళ్లు, మాంసపు ఊరగాయలు పెట్టే ఎత్తు కాలు గిన్నె 'డౌ'. ఈ అక్షరమే తర్వాత చిక్కుడు జాతి గింజలకు అరువు పోయి ఇప్పటికీ అక్కడే స్థిరపడింది.

ఇక క్రతువు. జౌ కాలపు విధులను వర్ణించే గ్రంథాలు, 'షిజింగ్' అనే ప్రాచీన సంకలనంలోని పాటలు కలిపి చూస్తే ఒక విందు కళ్ల ముందు నిలుస్తుంది. పితృదేవత కంటికి కనపడడు కనుక ఆయన తరఫున తినడానికి వంశంలోంచే ఒకరిని, సాధారణంగా మనుమడి వరసవాణ్ని, కూర్చోబెట్టేవారు. ఆ వ్యక్తిని 'షి' అనేవారు. ఆ మాటకు శవం అనే అర్థం కూడా ఉంది. పెద్ద డింగ్‌లో ఉడికిన మాంసాన్ని గరిటెతో తీసి వడ్డన డింగ్‌లలోకి మార్చేవారు, అక్కడి నుంచి బల్ల మీదికి. షి చేతులు కడుక్కోవడానికి 'యి' అనే కొమ్ము చెంబుతో నీళ్లు పోస్తుంటే కింద 'పాన్' అనే పళ్లెం పట్టేవారు. ఆయన తిని, తాగి, చాలని చెప్పి లేచేవాడు. "ఆత్మలన్నీ మత్తెక్కాయి, పెద్దాయన లేచాడు" అని షిజింగ్ పాట ఒకటి ఆ ఘట్టాన్ని వర్ణిస్తుంది. ఆబ్దికం నాడు పితృస్థానంలో భోక్తలను కూర్చోబెట్టి, వారి తృప్తినే పెద్దల తృప్తిగా భావించే మనకు ఇది మరీ దూరపు సంగతిగా అనిపించదు. మన దగ్గర ఆ స్థానంలో ఇంటివారు కూర్చోరు, వాళ్ల దగ్గర ఇంటి పిల్లవాడే కూర్చుంటాడు. ఒకదానికొకటి సంబంధం ఉందని నేను చెప్పడం లేదు. చనిపోయినవారి ఆకలి గురించి రెండు సమాజాలు ఒకేలా ఆలోచించాయి, అంతే.

ఆ విందులో ఒక విచిత్రం ఉంది. అన్నిటికన్నా గౌరవనీయమైన పులుసుకు ఉప్పు వేయరు, మసాలా వేయరు. 'తాయ్ గెంగ్' అంటే నీళ్లలో ఉడికిన ఒట్టి మాంసరసం. మద్యపు కూజాల వరసలో అగ్రస్థానం 'ష్వన్ జ్యూ'ది, అంటే మంచినీళ్లది. మద్యం పుట్టకముందు, రుచులు తెలియకముందు పెద్దలు ఏం తిన్నారో దాన్నే ముందు పెట్టాలి కనుక అలా చేసేవారని గ్రంథాలు వివరిస్తాయి. కంచు డింగ్ కూడా ఈ తర్కంలో భాగమే. ఇళ్లలో పొయ్యిలు, వంట పద్ధతులు మారుతున్నా పూర్వీకుల ముందు మాత్రం వాళ్లకు పరిచయమైన మూడు కాళ్ల కుండే నిలిచింది.

పాత్ర మీది రాతలు ఎక్కడున్నాయో గమనిస్తే ఈ సంగతి మరింత తేటపడుతుంది. చాలా డింగ్‌లలో, గుయ్‌లలో రాత ఉండేది బయట కాదు, లోపల, ఆహారం పోస్తే కప్పబడే చోట. రాజు తనకు భూములిచ్చాడనీ, రథమిచ్చాడనీ, అందుకు గుర్తుగా తండ్రికో తాతకో ఈ పాత్ర చేయించాననీ ఒక అధికారి రాయించి, చివర "కొడుకుల కొడుకులు, మనుమల మనుమలు కలకాలం దాచుకుని వాడుకోవాలి" అని ముగిస్తాడు. ఆ చివరి మాటల్లో 'వాడుకోవాలి' అన్నది ముఖ్యం. వాడినప్పుడు, అంటే వండి వడ్డించినప్పుడు, అక్షరాలు వంటకం కిందికి వెళ్లిపోతాయి. తినేవాడు అడుగుదాకా తింటే వార్త చేరుతుంది. మనుషులు చదవడం రెండో సంగతి, ముందు చదవవలసినవారు పితృదేవతలే.

షాంగ్ కాలంలో ఈ సామగ్రిలో పెద్ద వాటా మద్యపాత్రలది. ఫూ హావొ సమాధిలోనూ గు, జుయేలే గుంపులు గుంపులుగా ఉన్నాయి. తాగేది ద్రాక్షసారా కాదు, వరిగలతోనూ కొర్రలతోనూ పులియబెట్టినది, సువాసన మూలికలు కలిపినది. క్రీ.పూ. 11వ శతాబ్దం మధ్యలో షాంగ్‌ను ఓడించి వచ్చిన జౌ రాజులు ఈ అలవాటు మీద కన్నెర్ర చేశారు. పాత రాజపత్రాల సంకలనమైన 'షాంగ్‌షు' గ్రంథంలో మద్యం గురించి ఒక రాజశాసనమే ఉంది. పూజలో తప్ప తాగవద్దని అది హెచ్చరిస్తుంది. షాంగ్ అధికారులు తాగుడులో మునిగిపోయినందుకే వాళ్ల రాజ్యం పోయిందని కాంగ్ రాజు తన అధికారి యూకు చేసిన హితబోధ 'దా యూ డింగ్' లోపలి గోడ మీద 291 అక్షరాల్లో ఉంది. ఆ డింగ్ 153.5 కిలోల మాంసపు కుండ. మద్యం మీది తిట్టు మాంసపు కుండలో రాసి ఉండటం యాదృచ్ఛికం కాదనిపిస్తుంది, ఎందుకంటే తర్వాతి రెండు శతాబ్దాల్లో సరిగ్గా ఆ దిశగానే మార్పు జరిగింది. జుయే, గు వంటి పాత్రలు క్రమంగా మాయమయ్యాయి. ఒకే నగిషీతో వరసగా చేసిన డింగ్‌లు, గుయ్‌ల జతలు వాటి స్థానంలోకి వచ్చాయి. గ్రంథాల్లో ఎక్కడా ప్రకటించని ఈ మార్పు ఎంత పెద్దదో షాన్‌షీ రాష్ట్రంలో దొరికిన పాత్రల గుంతలను పోల్చి చూశాకే తెలిసింది. 1976లో ఫూఫెంగ్ జిల్లా జ్వాంగ్‌బాయ్‌లో బయటపడిన ఒక్క గుంతలోనే 103 పాత్రలున్నాయి, అవి ఒకే కుటుంబం తరతరాలుగా కూడబెట్టినవి.

జతలు వచ్చాక లెక్కలు వచ్చాయి. హాన్ వంశకాలపు (క్రీ.పూ. 206 - క్రీ.శ. 220) వ్యాఖ్యాత హె ష్యూ చెప్పిన ప్రకారం చక్రవర్తికి తొమ్మిది డింగ్‌లు, సామంతరాజుకు ఏడు, పెద్ద అధికారికి అయిదు, కింది స్థాయి కులీనుడికి మూడు. డింగ్‌లు ఎప్పుడూ బేసి సంఖ్యలోనే, వాటికి తోడుగా గుయ్‌లు ఒకటి తగ్గించి సరి సంఖ్యలో: తొమ్మిదికి ఎనిమిది, ఏడుకు ఆరు. తొమ్మిది డింగ్‌లలో ఏం పెట్టాలో కూడా వరస ఉంది: ఎద్దు, గొర్రె, పంది, చేప, ఎండుమాంసం, పేగులు-పొట్ట, పంది తోలు, పచ్చి చేప, అప్పుడే వేటాడి తెచ్చిన మాంసం. మూడు డింగ్‌లవాడికి ఎద్దు లేదు. అంటే మనిషి హోదా అతని పెద్దల విస్తరిలో ఎన్ని రకాలున్నాయో లెక్కపెడితే తెలిసిపోతుంది.

నియమం ఉన్నచోట ఉల్లంఘన కూడా కంచులోనే కనిపిస్తుంది. హుబెయ్ రాష్ట్రం స్వెయ్‌జౌ దగ్గర 1978లో తవ్విన జెంగ్ అనే రాజ్యపు సామంతుడు యి సమాధి క్రీ.పూ. 433 ప్రాంతానిది. ఆయనది చిన్న రాజ్యం. అయినా సమాధిలో చక్రవర్తికి తగినట్టు తొమ్మిది డింగ్‌లు, ఎనిమిది గుయ్‌లు. వాటిలో చాలావాటిలో జంతువుల ఎముకలు అలాగే ఉన్నాయి. పక్కనే 65 గంటల వాద్యసముదాయం మోగడానికి సిద్ధంగా నిలిచి ఉంది. ఈ సమాధి పేరు వినగానే అందరూ గంటల గురించే మాట్లాడతారు, నాకు మాత్రం రెండు వంటింటి వస్తువుల మీదే కన్ను. ఒకటి పెట్టెలో పెట్టె: బయట నలుచదరపు కంచు తొట్టి, దాని మధ్యలో మద్యపు కూజా, చుట్టూ ఉన్న ఖాళీలో మంచుగడ్డలు నింపితే మద్యం చల్లబడుతుంది. రెండోది రెండంతస్తుల పెనం. కింది పళ్లెంలో బొగ్గులు, పై పళ్లెంలో చేప ముళ్లు. వేయించిన చేప ఆయనకు పరలోకంలోనూ కావలసివచ్చింది.

డింగ్ రాజ్యాధికారానికి గుర్తుగా మారడం ఈ నేపథ్యంలో చూస్తేనే అర్థమవుతుంది. షాంగ్‌కు ముందున్నదని చెప్పే ష్యా వంశపు తొలి రాజు యూ తొమ్మిది ప్రాంతాల నుంచి కప్పంగా వచ్చిన లోహంతో తొమ్మిది డింగ్‌లు పోయించాడనీ, అవి ష్యా నుంచి షాంగ్‌కు, షాంగ్ నుంచి జౌకు చేతులు మారాయనీ ఐతిహ్యం. క్రీ.పూ. 606లో దక్షిణాది చూ రాజ్యపు రాజు జ్వాంగ్, జౌ రాజధాని సరిహద్దుకు సేనతో వచ్చి, ఆ డింగ్‌ల బరువెంత అని అడిగాడు. బరువు అడిగాడంటే మోసుకుపోయే ఉద్దేశం ఉందన్నమాట. జౌ రాజు దూతగా వచ్చిన వాంగ్‌సున్ మాన్, బరువు డింగ్‌లో లేదు, ధర్మంలో ఉందని బదులిచ్చి పంపేశాడు. 'డింగ్ గురించి అడగడం' అనే నుడికారం సింహాసనం మీద కన్నేయడం అనే అర్థంలో ఇప్పటికీ వాడుకలో ఉంది, ఆటల పోటీల్లో కప్పు గెలవడానికి కూడా పత్రికలు దాన్నే వాడతాయి. చిన్ రాజ్యపు రాజు వూ మాటలతో ఆగలేదు. క్రీ.పూ. 307లో బలప్రదర్శనకు ఒక డింగ్ ఎత్తబోయి మోకాలు చిప్ప విరిగి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ వంశంలోనే తర్వాత వచ్చిన తొలి చక్రవర్తి, నదిలో మునిగిన డింగ్‌ను వెతకమని క్రీ.పూ. 219లో వెయ్యిమందిని సి నదిలోకి దింపాడు. ఏమీ దొరకలేదు. హాన్ కాలపు రాతిచెక్కడాల్లో తాడు కట్టి పైకి లాగుతుండగా డింగ్‌లోంచి ఒక డ్రాగన్ తల చాచి ఆ తాడును కొరికేస్తూ ఉంటుంది, లాగుతున్నవారు వెల్లకిలా పడుతుంటారు. చక్రవర్తి భంగపాటును హాన్ శిల్పులు ఎంత ఇష్టంగా చెక్కారో ఆ పడిపోతున్న మనుషులను చూస్తే తెలుస్తుంది.

రాజులూ ధర్మమూ ఒకవైపు ఉండగా, నేల మాత్రం మళ్లీ మళ్లీ వంటనే చూపిస్తోంది. 2010లో షియాన్ విమానాశ్రయం విస్తరణ పనుల్లో దాదాపు 2400 ఏళ్ల నాటి సమాధిలో మూత పెట్టిన కంచు డింగ్ దొరికింది. మూత తీస్తే లోపల మురికినీళ్లలో ఎముకలు, కంచు చిలుముతో పచ్చబడి ఉన్నాయి. అవి ఏడాది కూడా నిండని కుక్కవని తేలింది. అన్నీ ఇంత ఇంపుగా ఉండవు. అన్యాంగ్ తవ్వకాల్లో 1984లో ఒక యెన్‌లో మనిషి పుర్రె కనిపించినప్పుడు, పై నుంచి జారి పడి ఉంటుందని సరిపెట్టుకున్నారు. 1999లో అలాంటిదే రెండోది దొరికి, అది ఉడికిందని పరీక్షల్లో తేలాక సరిపెట్టుకోవడం కుదరలేదు. షాంగ్ రాజుల క్రతువుల్లో నరబలి ఉండేదని ఎముకల మీది రాతలు ఎప్పటినుంచో చెబుతున్నాయి. పూర్వీకులకు వడ్డన అనే మాటలో ఇది కూడా ఉంది, దాన్ని దాటవేసి ఈ పాత్రల అందం గురించి మాట్లాడటం సరికాదు.

మనం చూసే పచ్చటి రంగు కూడా ఆ నేల ఇచ్చినదే. కొత్తగా పోసినప్పుడు ఇవి బంగారంలా మెరిసేవి. పాతబడి చిలుము పట్టిన పాత్రకు విలువ తెలియక పోయిన సందర్భాలూ ఉన్నాయి. షాన్‌షీలోని బావొజి దగ్గర 1963లో దొరికిన ఒక జున్ 1965లో పాతసామాను కొనేచోటికి చేరింది. మ్యూజియం ఉద్యోగి ఒకరు చూసి గుర్తుపట్టడంతో 30 యువాన్లకు దాన్ని విడిపించారు. పదేళ్ల తర్వాత, ప్రదర్శనకు పంపే ముందు చిలుము శుభ్రం చేస్తుంటే అడుగున 122 అక్షరాలు బయటపడ్డాయి. వాటిలో 'జోంగ్‌గువొ' అనే రెండు అక్షరాలున్నాయి. ఇప్పుడు చైనా తనను తాను పిలుచుకునే ఆ పేరు కనిపించే రాతల్లో ఇంతకన్నా పాతది ఇంకా దొరకలేదు. పేరు మోసిన ఆ రాత మద్యపు కూజా అడుగున మూడు వేల ఏళ్లు దాక్కుంది.

హాన్ కాలం నాటికి పొయ్యిగట్లు, వాటి మీద కూర్చునే గుండ్రటి బాణలులు వ్యాపించాక డింగ్‌కు కాళ్ల అవసరం తీరిపోయింది. ఉత్తర చైనా మాటల్లో అది వంటింటి నుంచి తప్పుకుని గుడి ముంగిటికి, ధూపపు కుండీ రూపానికి చేరింది. 1995లో ఐక్యరాజ్యసమితి యాభై ఏళ్ల పండుగకు చైనా పంపిన కానుక కూడా రెండు మీటర్లు దాటిన ఒక కంచు డింగే. కానీ దక్షిణాన ఫూజియాన్ తీరంలోనూ, తైవాన్‌లోనూ, అక్కడి నుంచి వలస వెళ్లినవారి ఇళ్లలోనూ మాట్లాడే మిన్ భాషలో ఆ పాత మాట 'తియాఁ' అనే ఉచ్చారణతో వంటింట్లోనే ఉండిపోయింది. అక్కడ కాళ్లు లేని, నల్లగా మసిబారిన ఇనుప బాణలిని తియాఁ అనే పిలుస్తారు. పొద్దున్నే దాన్ని పొయ్యి మీద పెట్టి, నూనె వేసి, వెల్లుల్లి వేగాక ఆకుకూర వేస్తారు.